లేతా, ముదురా అని చెప్పని సలహా సగం సలహాయే

ఏ కూర తింటే ఏ రోగం తగ్గుతుందో చెప్పేవాళ్ళకి ఈమధ్య కరువు లేదు. పొద్దున్నే ఫోన్ తీస్తే చాలు. బ్రోకలీ తినండి, మునగాకు తినండి, అరటిపండు మానేయండి, కొబ్బరి ముట్టుకోకండి, కాదు కాదు కొబ్బరే తినండి అని ఒకరి తరవాత ఒకరు చెబుతూనే ఉంటారు. అన్నిట్లోనూ కూర పేరుంటుంది. దాని వయసు మాత్రం ఉండదు. నన్నడిగితే, వయసు చెప్పని సలహా సగం సలహాయే. మిగతా సగం మన వంటిళ్ళలో ఉంది, మన తెలుగు మాటల్లో ఉంది. దాన్ని మనం చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

మా ఇంటి సంగతే చెప్తాను. మావారికి షుగర్ అని తెలిసిన దగ్గర్నుంచి హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, "అమ్మా, నాన్నకి బ్రోకలీ పెడుతున్నావా?" అని అడుగుతుంది. పిల్ల ప్రేమని కాదనలేం కదా. అందుకని అసలు ఆ బ్రోకలీ గొప్పేమిటో కూర్చుని చదివాను. చదివితే, నేను పైన చెప్పిన మాటకి మొదటి సాక్ష్యం ఆ కూరలోనే దొరికింది.

బ్రోకలీ అంటే పువ్వు విచ్చకముందే కోసిన మొగ్గల గుత్తి. కాలీఫ్లవర్‌కీ క్యాబేజీకీ తోబుట్టువు, ఆవాలకి దగ్గర చుట్టం. అందులో గ్లూకోరఫానిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని కొరికినా తరిగినా, ఆ మొక్కలోనే వేరే అరల్లో దాగి ఉన్న మైరోసినేజ్ అనే ఎంజైము వచ్చి కలిసి, దాన్ని సల్ఫోరఫేన్‌గా మారుస్తుంది. పురుగులు తన జోలికి రాకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. హాని చేసే పదార్థాలని విరగ్గొట్టి బయటికి పంపే మన ఒంటి ఎంజైములని ఈ సల్ఫోరఫేన్ తట్టి లేపుతుందని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ టలాలే బృందం 1992లో చెప్పింది. అదే బృందం 1997లో ఇంకో సంగతి బయటపెట్టింది. మూడు రోజుల వయసున్న మొలకల్లో, ముదిరిన మొక్కలో కంటే గ్లూకోరఫానిన్ 10 నుంచి 100 రెట్లు ఎక్కువ ఉందట. మొక్క అదే, పేరు అదే. తేడా అల్లా వయసుదే.

ఎందుకలా అంటే, ఆ పదార్థం గింజలోనే నిండుగా ఉంటుంది. అత్తారింటికి వెళ్ళే పిల్లకి పుట్టింటివాళ్ళు సారె పెట్టినట్టు, తల్లిమొక్క గింజకి దాన్ని కట్టి పంపుతుంది. మొలక చిన్నది కాబట్టి సారె అంతా ఆ ఒక్క చిన్న ఒంట్లోనే ఉంటుంది. మొక్క పెరిగి ఆకులూ కాడలూ వేసేసరికి, సారె పంచుకునే ఊరు పెద్దదై తలా కాస్త వస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వంద రెట్లు అనగానే వంద రెట్లు ఆరోగ్యం అనుకోకూడదు. ఒక పదార్థం ఎక్కువ ఉండటం వేరు, రోగం తగ్గటం వేరు. పైగా మొలకల్ని పచ్చివి తినటంలో వేరే ప్రమాదం ఉంది. తడిలో, వెచ్చదనంలో మొలక ఎలా పెరుగుతుందో సూక్ష్మజీవులూ అలాగే పెరుగుతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఇ.కోలై బాక్టీరియా వ్యాపించి మూడు వేల మందికి పైగా జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. కాబట్టి లేతదల్లా మంచిదని నేను చెప్పటం లేదు. దేనికి ఏ వయసు సరైనదో తెలుసుకోవాలంటున్నాను. రెండూ ఒకటి కాదు.

ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. నేను చదివింది తెలుగు బి.ఏ. కాబట్టి నాకు ముందు మాటలే గుర్తొస్తాయి. పిందె, కసరుకాయ, లేతకాయ, ముదురుకాయ, దోరకాయ, పండు, మాగినది అని ఒక్క కాయకే ఎన్ని పేర్లు పెట్టుకున్నామో చూడండి. ఇన్ని మాటలు ఊరికే పుట్టవు. వాడుక ఉంటేనే మాట పుడుతుంది. మామిడికాయలో జీడి మెత్తగా ఉంటే పప్పులోకి, టెంక కట్టాక ఆవకాయకి, దోరగా ఉంటే ఉప్పూకారంతో ముక్కలకి, పండితే రసానికి. మన వాళ్ళు రుచి చూసి పెట్టుకున్న లెక్క ఇది. దాని వెనక ఉన్న సంగతిని ఇప్పుడు ప్రయోగశాలలూ చెబుతున్నాయి. పచ్చి మామిడిలో విటమిన్ సి ఎక్కువ. పండే కొద్దీ అది తగ్గుతూ, విటమిన్ ఎ కి మూలమైన బీటా కెరోటిన్ పెరుగుతుంది. ఆ పసుపురంగు అదే. మామిడి మంచిదా అని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? ఏ మామిడి అని ఎదురు అడగాలి.

మన కోనసీమలో ఈ పాఠం చెప్పటానికి కొబ్బరికాయని మించిన పంతులు లేడు. పిందె పడిన దగ్గర్నుంచి కాయ పండటానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆరేడు నెలలకి అది బొండం. నీళ్ళు నిండుగా, తియ్యగా ఉంటాయి. లోపల మీగడలాంటి పలచని పొర ఉంటుంది. ఆ తరవాత నీళ్ళు తగ్గుతాయి, తీపి తగ్గుతుంది, కొబ్బరి గట్టిపడుతుంది, నూనె చేరుతుంది. ముదిరిన పచ్చికొబ్బరి బరువులో దాదాపు మూడోవంతు కొవ్వే. ఎండి కురిడీ అయ్యాక మూడింట రెండొంతుల దాకా నూనె ఉంటుంది. బొండం అన్నా, కొబ్బరికాయ అన్నా, కురిడీ అన్నా చెట్టు ఒకటే. కానీ ఎండదెబ్బ తగిలిన పిల్లాడికి కురిడీ పెట్టం, పులుసులోకి బొండం మీగడ రుబ్బం. అలాంటిది "కొబ్బరి గుండెకి మంచిదా చెడ్డదా" అని ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోని ఎలా నమ్ముతాం? ఆ బొండం నీళ్ళు కూడా అందరికీ అమృతం కాదు. వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా తాగకూడదు.

ఇక అరటి. మావారి షుగర్‌కి సంబంధించి మా ఇంట్లో ఎక్కువ చర్చ దీని మీదే. రావులపాలెం పక్కన పెట్టుకుని అరటి తినకుండా ఉండటం ఎవరి తరం! పచ్చి అరటికాయలో నీళ్ళు తీసేస్తే మిగిలేదాంట్లో ముప్పావు వంతు పిండిపదార్థమే. అందులో చాలా భాగం చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి మంచి బాక్టీరియాకి ఆహారమయ్యే రకం. పండే కొద్దీ ఆ పిండి చక్కెర అయిపోతుంది. తొక్క మీద నల్లమచ్చలు వచ్చిన చక్కెరకేళిలో పిండి దాదాపు ఏమీ మిగలదు. ఉడికిస్తే ఆ అరగని పిండిలోనూ కొంత అరిగేదిగా మారిపోతుందన్నది నిజమే. అయినా బొంత అరటికాయ కూర, మగ్గిన అరటిపండు షుగర్ ఉన్న మనిషి కంచంలో ఒకటి కావు. ఆ రెంటినీ కలిపి "అరటి వద్దు" అనేస్తే, కోనసీమ ఇంట్లో ఒక మనిషికి సగం భోజనం తీసేసినట్టే. ఎంత తినాలో డాక్టరుగారు చెప్తారు. ఏ వయసుది తినాలో చూడటం వంట చేసేవాళ్ళ పని.

సగం సలహా ఎంత చేటు చేస్తుందో చెప్పటానికి బొప్పాయి చాలు. కడుపుతో ఉన్న పిల్లలని బొప్పాయి వాసన కూడా చూడనివ్వరు మన పెద్దవాళ్ళు. అందులో నిజం ఉంది. కానీ ఆ నిజం పచ్చికాయది. బొప్పాయి పచ్చిగా ఉన్నప్పుడు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయని 2002లో ఎలుకల మీద చేసిన పరిశోధన ఒకటి చెప్పింది. బాగా పండిన బొప్పాయి మామూలుగా తింటే అలాంటి ప్రమాదం కనిపించలేదని కూడా అదే పరిశోధన చెప్పింది. కాయ పండేసరికి ఆ పాలు తగ్గిపోతాయి. పెద్దవాళ్ళ మాట తప్పు కాదు. ఆ మాట నోటా నోటా పడి మన దాకా వచ్చేసరికి దాంట్లోంచి "పచ్చి" అనే ముక్క జారిపోయింది. అలాగని పండు తినేయమని నేను చెప్పను. సగం పండినదో పూర్తిగా పండినదో కొట్లో తెలియదు, ఎవరి ఒళ్ళు వాళ్ళది, మీ డాక్టరుని అడగండి. అడిగేటప్పుడు మాత్రం పచ్చిదా పండుదా అని చెప్పి అడగండి.

ఇంకో తమాషా సంగతి. బొప్పాయి, మునగ, ఆవాలు, బ్రోకలీ అన్నీ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే పెద్ద కుదురుకి చెందినవే. బొప్పాయి గింజ కొరికి చూడండి, ఆవగింజ ఘాటే. మునగ వేరు ఘాటూ అదే. బ్రోకలీలో ఉన్న జాతి పదార్థాలే వీటన్నిటిలోనూ తలా ఒక రకంగా ఉంటాయి. కాబట్టి మా అమ్మాయి అడిగిన బ్రోకలీ చుట్టాలు మా పెరట్లోనూ, పోపులపెట్టెలోనూ ముందునుంచే ఉన్నారన్నమాట.

పోపులపెట్టె అంటే గుర్తొచ్చింది. బ్రోకలీని ఉడికిస్తే ఆ మైరోసినేజ్ ఎంజైము వేడికి చచ్చిపోతుంది. అప్పుడు గ్లూకోరఫానిన్ ఉన్నా సల్ఫోరఫేన్ సరిగ్గా తయారవదు. దీనికి ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2013లో ఒక ఉపాయం చెప్పారు. ఉడికాక పైన కాస్త ఆవపిండి చల్లితే సరిపోతుందట. ఆవాల్లో అదే ఎంజైము ఉంది. పైగా అది వేడికి త్వరగా లొంగదు. 2018లో మనుషులకి అలా వండి పెట్టి చూస్తే, ఒంటికి పట్టిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లు పైగా పెరిగిందట.

ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. ఆవ పెట్టటం కోనసీమవాళ్ళకి ఇంకొకరు నేర్పాలా? పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర, అరటికాయ కూర, అరటి దూట కూర, అన్నిటికీ మనం చేసేది అదే. కూర పూర్తయ్యాక పొయ్యి మీంచి దింపి, కాస్త చల్లారనిచ్చి, అప్పుడు నూరిన పచ్చి ఆవ కలుపుతాం. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు చచ్చి చేదెక్కుతుందని మా అత్తగారు నాకు పెళ్ళైన కొత్తలో చెప్పారు. ఆవిడకి ఎంజైము పేరు తెలీదు. అది పని చేస్తోందో లేదో ముక్కుకి తెలిసేది. ఆ పనసపొట్టుకి కూడా వయసుంది చూడండి. లోపల గింజ గట్టిపడకముందు కోసిన లేత కాయే పొట్టుకి పనికొస్తుంది. ఒక్క రెండు మూడు వారాలు ఆలస్యమైతే కత్తికి లొంగదు, పంటికీ లొంగదు.

మరి ఇంత తెలిసినవాళ్ళం ఎక్కడ పోగొట్టుకుంటున్నాం? కొనే దగ్గర. బెండకాయ కొస విరిచి చూడటం, ఆనపకాయకి గోరు దించటం, ములక్కాడ మెలితిప్పటం, తోటకూర కాడ పుటుక్కున తుంచటం, ఇవి పరీక్షలండీ. మా వీధిలోకి కూరలు తెచ్చే ఆయన, "విరవకండమ్మగారూ, అన్నీ లేతయ్యేనండి" అని బతిమాలుతూనే ఉంటాడు, నేను ఒకటి విరుస్తూనే ఉంటాను. ఫోన్‌లో ఆర్డరు పెట్టుకునే మా అమ్మాయికి ఆ అవకాశమే లేదు. బొమ్మలో అన్నీ లేతగానే ఉంటాయి. వచ్చిన సంచిలో ఏముంటే అదే. ప్లాస్టిక్ కవరులో చుట్టిన బ్రోకలీ ఎక్కడో చలి ప్రాంతంలో కోస్తే, ఎన్ని రోజులు ప్రయాణం చేసి వచ్చిందో ఎవరికీ తెలీదు. మొగ్గలు పసుపు తిరిగితే దాని పని అయిపోయినట్టే. అలాంటిది ఎక్కువ డబ్బు పెట్టి కొని, మంచి కూర తిన్నామని తృప్తిపడటం నాకు నచ్చదు.

పండ్ల సంగతి ఇంకా కష్టం. అరటిగెల పచ్చిగా ఉండగానే నరుకుతారు, అందులో తప్పేమీ లేదు. అది కోశాక పండే జాతి. దూరం వెళ్ళాల్సిన గెలైతే ఇంకాస్త ముందే నరుకుతారు, లేకపోతే లారీలోనే పండిపోతుంది. రైతు కష్టం రైతుది. అయితే తయారవని కాయని కార్బైడు పెట్టి రంగు తెప్పించటం మాత్రం మోసం. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం పండ్లని కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టడం నిషేధం. దాని బదులు ఇథిలీన్ వాయువుని పరిమితిలో వాడుకోనిచ్చారు. ఇథిలీన్ పండు తనంతట తాను కూడా విడిచేదే. గడ్డిలో వేసి మగ్గబెట్టినా, పొగ పెట్టినా మన పెద్దవాళ్ళు చేసింది ఆ పనికి దగ్గరిదే. అయితే ఏ వాయువు పెట్టినా చెట్టు మీద నిండని కాయని పండులా కనిపించేలా చేయగలరు గానీ, చెట్టు ఇవ్వాల్సినదాన్ని ఇవ్వలేరు. తొక్క ఒక వయసు చెబుతుంది, కండ ఇంకో వయసు చెబుతుంది. వాసన లేకుండా రంగు మాత్రం మెరిసే పండుని అనుమానించండి.

"ఇదంతా చాదస్తం, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకి బెండకాయలు విరుచుకుంటూ కూర్చునే తీరికెక్కడిది" అని అంటారని నాకు తెలుసు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఈ పని ఆడవాళ్ళదే అని ఎవరన్నారు? బజారుకి వెళ్ళే మగవాళ్ళూ నేర్చుకోవచ్చు, పన్నెండేళ్ళ పిల్లాడూ నేర్చుకోవచ్చు. కొస విరిచి చూడటానికి అరనిమిషం పట్టదు. ఫోన్ పట్టుకుని ఏ కూర ఏ రోగానికి మంచిదో చూసే గంటలో ఇది ఎన్నోవంతు?

ఇంకొందరు పాతదంతా సైన్సే అని చేతులెత్తి దణ్ణం పెట్టేస్తారు. నేను ఆ గుంపులోనూ లేను. మన పెద్దవాళ్ళు లేతది ఎంచింది నమలటానికి బాగుంటుందని, రుచిగా ఉంటుందని. విటమిన్లు లెక్కపెట్టి కాదు. కొన్నిచోట్ల రుచీ మేలూ ఒకటే అయ్యాయి, కొన్నిచోట్ల కాలేదు. బొప్పాయి విషయంలో సగం మాటే మిగిలింది. మగ్గిన చక్కెరకేళి రుచికి రాజే, మావారి షుగర్‌కి మాత్రం కాదు. అందుకే పెద్దవాళ్ళ చేతివిద్యని తీసుకుందాం, దానికి పరిశోధనలు చెప్పిన కారణాన్ని జతచేద్దాం. రెండూ మనకి కావాలి.

మా అమ్మాయికి నేను చెప్పింది ఇదే. బ్రోకలీ తాజాగా, గట్టిగా, ఆకుపచ్చగా దొరికిన రోజు కొంటాను. తరిగి కాసేపు ఉంచి, మరీ మెత్తబడకుండా ఆవిరి మీద ఉడికించి, దింపాక ఆవ పెడతాను. దొరకని రోజు మునగచిగురు పప్పులో వేస్తాను, లేత అరటికాయకి ఆవ పెడతాను. మీ నాన్నకి ఏ లోటూ రాదు. నువ్వు మాత్రం ఈసారి సెలవుల్లో వచ్చినప్పుడు నాతో సంతకి రా. బెండకాయ ఎలా విరవాలో, బొండం లేతదో ముదురుదో కొట్టి వింటే ఎలా తెలుస్తుందో చూపిస్తాను. ఈ విద్య ఏ వీడియోలోనూ వేళ్ళకి ఎక్కదు.

మీరూ ఇకనుంచి ఎవరైనా ఫలానా కూర తినండి అంటే, "లేతదా, ముదురుదా, పచ్చిదా, పండుదా?" అని ఒక్క ప్రశ్న వేయండి. సమాధానం తెలిసినవాళ్ళ సలహా వినండి. తెలియనివాళ్ళకి మీరే చెప్పండి.